నాలుగు గంటల సంతకం

బంగాళాఖాతం నడిమధ్యన, తాటిచెట్టంత అలల మీద, మంటలంటుకున్న యుద్ధనౌకను ఒంటిచేత్తో కాపాడినవాణ్ణి నేను. పొగలో కళ్ళు కనబడకపోతే ఇనుప గోడలు తడుముకుంటూ లోపలికి దిగాను. మంట ఆర్పి, కాలిన చొక్కాతోనే కెప్టెన్ ముందుకు పోయి నిలబడ్డాను. "తప్పు నాది సార్. శిక్ష నాకే వెయ్యండి. నా కింద పనిచేసేవాళ్ళను ఒక్క మాట అనకండి" అన్నాను. ఆ పెద్దమనిషి కాసేపు నన్నే చూసి, కుర్చీలోంచి లేచి, నాకు సెల్యూట్ కొట్టాడు.

నౌకాదళం నుంచి రిటైరై వచ్చాక పదిహేనేళ్ళపాటు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నేను తిరిగి చెప్పిన నీతి పాఠం ఇదే. కాలేజీ పిల్లలకు చెప్పాను, టీచర్లకు చెప్పాను, బొగ్గు గనుల ఊళ్ళో చెప్పాను, పత్తి మిల్లులో చెప్పాను. కొన్ని వేలమంది విన్నారు. ఈ కాగితం మా ఆవిడ చూసి "వేలమందా?" అంది. సరే, వందలు. అందులో నిద్రపోయినవాళ్ళను తీసేస్తే ఇంకొంచెం తగ్గుతారు.

మొదటి పేరాలో ఎంత నిజముందో ఒక్కసారే చెప్పే ధైర్యం నాకు లేదు. కొంచెం కొంచెంగా చెప్తాను. చల్లనీళ్ళ స్నానానికి కాలివేలితో మొదలుపెట్టే మనిషిని నేను, సముద్రంలో ముప్ఫై ఏళ్ళున్నా సరే.

నేను పుట్టింది నర్సింహులపేట దగ్గరి పల్లెలో. మా వైపు నీళ్ళంటే వ్యవసాయ బావి, లేకుంటే వానాకాలంలో ఆకేరు వాగు. అటువంటి చోటినుంచి ఒకడు నౌకాదళంలో ఆఫీసరయ్యాడంటే, వాడు ఏం చెప్పినా జనం నమ్ముతారు. కాదనడానికి సముద్రం చూసినవాడు ఒక్కడైనా ఉండాలి కదా. రిటైరయ్యాక జనగామలో ఇల్లు కట్టుకుని, పొద్దున స్టేషన్ దాకా నడిచి, పేపరు చదివి, మధ్యాహ్నానికల్లా చేసే పనిలేక మా ఆవిడ వంటింటిని నౌకలా నడపబోయాను. డబ్బాల మీద కాగితాలు అంటించి వరుసలో నిలబెట్టాను. రెండో రోజున ఆమె కందిపప్పు డబ్బా నా చేతికిచ్చి, "బయట ఎక్కడన్న నౌక దొరుకుతదేమో చూస్కోండ్రి" అంది.

సరిగ్గా ఆ వారంలోనే జనగామలో ఒక కాలేజీ ప్రిన్సిపాల్ వచ్చి, పిల్లలకు నీతి, నాయకత్వం గురించి రెండు మాటలు చెప్పమన్నాడు. బాగా తయారై పోయాను. నీతి అంటే ఏమిటి, కర్తవ్యం అంటే ఏమిటి అని పది నిమిషాలు మాట్లాడేసరికి వెనక బెంచీ మొత్తం నిద్రలోకి జారింది. ముందు బెంచీలో ఒకడు తల దువ్వుకుంటున్నాడు. ఆ దువ్వెన చూసి నాకు పౌరుషం వచ్చింది. "ఒకసారి మా నౌకలో మంట లేచింది" అన్నాను. దువ్వెన ఆగింది.

కథ అట్లా పుట్టింది. ఆ మొదటి రోజున నౌక విశాఖపట్నం రేవులో తాళ్ళతో కట్టేసే ఉంది. మంట కూడా చేటంతే. మహబూబాబాద్‌లో టీచర్లకు చెప్పేనాటికి నౌక తాళ్ళు తెంపుకుని నడిసముద్రంలోకి పోయింది. ఇక భూపాలపల్లి. అక్కడ నా ముందు కూర్చున్నవాళ్ళలో సగంమంది రోజూ భూమి లోపలికి దిగి వచ్చేవాళ్ళు. వాళ్ళ ముందు చేటంత మంట గురించి ఏ మొహం పెట్టుకుని చెప్తాను? తుఫాను తెప్పించాను. ప్రతిసారీ నేను ఇంటికి రాగానే మా ఆవిడ మంచినీళ్ళు ఇస్తూ అడిగేది:

"ఇయ్యాల అలలు ఎంత ఎత్తు లేచినయి?"

అలల సంగతి ఆమెకు తెలుసు. కథ చివర ఉన్న ముక్క, అదే కెప్టెన్ ముందు నిలబడి తప్పు ఒప్పుకున్న ముక్క, అది కూడా అబద్ధమని మాత్రం అప్పటికి ఆమెకు తెలియదు. అలలు ఏటేటా పెరిగాయి. ఈ అబద్ధం పెరగలేదు. మొదటి రోజే పూర్తి ఎత్తుతో పుట్టింది.

భూపాలపల్లిలో ఒక్కసారి దొరికిపోబోయాను. రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక గని కార్మికుడు వెనక నుంచి లేచి, చాలా మర్యాదగానే అడిగాడు.

"సార్, మంట లేవకముందు అటు దిక్కు చూసి రావాల్సిన డ్యూటీ ఎవరిది?"

నేను మంచినీళ్ళు తాగాను. గ్లాసు కింద పెట్టి, "ఎంత మంచి ప్రశ్న! అన్నకు అందరూ చప్పట్లు కొట్టండి" అన్నాను. అందరూ కొట్టారు. ఆ అన్న నవ్వలేదు, కొట్టలేదు, కూర్చున్నాడు. జవాబు లేని ప్రశ్నకు చప్పట్లు కొట్టించడం నా రెండో ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి విద్య. ఆ సాయంత్రం బస్సులో మాత్రం అతని మొహమే కనబడింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

పోయిన పత్తి సీజనులో కేసముద్రం దగ్గరి ఒక జిన్నింగ్ మిల్లు యజమాని నన్ను పిలిచాడు. పత్తిలోంచి గింజలు వేరుచేసి బేళ్ళు కట్టే మిల్లు అది. యజమానిని అందరూ సేటు అనేవారు, నేనూ అట్లాగే పిలిచాను. పనివాళ్ళకు నిజాయితీ గురించి చెప్పమన్నాడు. రేకుల షెడ్డు కింద, బేళ్ళ మీదా నేల మీదా కూర్చున్న జనానికి తుఫానుతో సహా మొత్తం కథ చెప్పాను. సేటు శాలువా కప్పాడు. గేటు దగ్గర నా ఫొటోతో ఫ్లెక్సీ కూడా ఉంది. అందులో నా మీసాలు నాకంటే పడుచుగా ఉన్నాయి.

మూడు వారాలకు సేటు ఫోను చేశాడు.

"సార్, నమస్తే. మీరేం మంత్రమేసి పోయిన్రో ఏమో గని, మా సూపర్‌వైజర్ ఖరాబయిండు."

"ఏమైంది సేటూ?"

"నిజం చెప్పుడు మొదలువెట్టిండు సార్."

నాకు నవ్వొచ్చింది. అవతల నవ్వు లేదు. అప్పుడు సంగతంతా చెప్పాడు.

మిల్లు ఆవరణలో పత్తి కుప్పలు పోసి ఉంటాయి. తడి పత్తి వస్తే కుప్ప లోపల వేడెక్కుతుంది. పైకి తెల్లగా, చల్లగా కనబడుతుంది, లోపల కాలుతుంటుంది. అందుకని రెండు గంటలకోసారి సూపర్‌వైజర్ ప్రతి కుప్పలోకీ మోచేయి దాకా చెయ్యి పెట్టి చూసి, రిజిస్టరులో సంతకం చెయ్యాలి. ఒక రోజు మధ్యాహ్నం మూడు కాకముందే ఒక కుప్పలోంచి పొగ లేచింది. అందరూ ఉరికి ఆర్పారు. మనుషులకేమీ కాలేదు, కుప్ప మాత్రం నల్లబడింది. రిజిస్టరు తీసి చూస్తే రెండు గంటల గడిలో అంతా బాగుందని సూపర్‌వైజర్ సంతకం ఉంది. రెండింటికి బాగున్న కుప్ప మూడింటికి కాలిందంటే మధ్యలో ఎవరో నిప్పు వేసినట్టే కదా. ఆ కుప్ప నీడలో ఒక ముసలి హమాలీ తువ్వాల పరుచుకుని పడుకున్నాడు. అతని జేబులో బీడీకట్ట ఉంది. ఇక సంగతి తేలిపోయింది. అతన్ని తీసేసి పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇద్దామని సేటు అనుకున్నాడు.

అప్పుడు సూపర్‌వైజర్ ఒక కాగితం రాసి సేటు బల్ల మీద పెట్టాడు. రెండు గంటలకు తాను కుప్పల దగ్గరికి పోలేదనీ, లారీ లోడు దగ్గర ఉండి తర్వాత ఊరికే సంతకం చేశాననీ, ఆ కుప్ప అప్పటికే లోపల వేడెక్కి ఉండవచ్చనీ, హమాలీని అనడానికి వీల్లేదనీ.

"సోమారం దాక టైమిచ్చిన సార్" అన్నాడు సేటు. "కాగితం వాపస్ తీసుకుంటే ఎప్పటిలెక్క పనిల ఉంటడు. తీసుకోకుంటే ఆ ముసలాయనను ఉంచుకుంట, ఈన్ని ఇంటికి పంపుత. ఇద్దరిల ఒకడు పోవాలె గద. మంచి పనోడు సార్, పోగొట్టుకోబుద్ధి కాదు. మీ క్లాసయినంకనే గిట్ల తయారయిండు. మీరే ఎక్కిచ్చిన్రు, మీరే దింపుండ్రి."

"నేను చూసుకుంటలే సేటూ" అన్నాను.

ఒక మనిషిని నిజంలోంచి అబద్ధంలోకి దింపే పనికి నేను ఫోనులోనే ఒప్పుకున్నాను. అంతకంటే చెడ్డ సంగతి ఇంకొకటి ఉంది. ఫోను పెట్టగానే నాకు కలిగిన మొదటి భావం సంతోషం. నా పాఠం ఒకడికి పట్టింది! పదిహేనేళ్ళలో ఒక్కడు! వంటింట్లోకి పోయి మా ఆవిడకు చెప్పాను కూడా.

"అయితే నమ్మినోడు దొరికిండన్నట్టు" అంది ఆమె ఉల్లిగడ్డ తరుగుతూ. "అలలను గూడ నమ్మిండా?"

అక్కడ నా సంతోషం ఆగింది. నమ్మాడు. లేని నన్ను నమ్మి, ఉన్న ఉద్యోగం పోగొట్టుకోబోతున్నాడు.

ఆదివారం పొద్దున జనగామలో తొర్రూరు బస్సెక్కాను. సూపర్‌వైజర్‌ది నర్సింహులపేట దారిలో ఒక లంబాడీ తండా అని సేటు చెప్పాడు. దారంతా ఏం చెప్పాలా అని ఆలోచించాను. పాలకుర్తి దాటేసరికి ఒక ఉపాయం తట్టింది. ఉపాయాలకు నాకు లోటు లేదు. నా కథ అబద్ధమని అతనికి చెప్పేస్తాను. చెప్తే నా గుండె బరువు దిగుతుంది. అతను నమ్మినదే అబద్ధమని తెలిసినప్పుడు, దాన్ని పట్టుకుని నిలబడాల్సిన అవసరం అతనికీ ఉండదు. కాగితం వెనక్కి తీసుకుంటాడు, ఉద్యోగం నిలుస్తుంది. నేను పశ్చాత్తాపపడినట్టూ ఉంటుంది, సేటుకిచ్చిన మాట నిలబెట్టుకున్నట్టూ ఉంటుంది. ఆ ముసలి హమాలీ సంగతి? ఆ సంగతి నా ఉపాయంలో ఎక్కడా లేదు. బస్సు దిగేదాకా అతను నాకు గుర్తు రాలేదు.

ఆనాడు నౌకలో నిజంగా జరిగింది ఏమిటో ఇప్పుడు చెప్తాను. ఆ రోజు బస్సులో నాకు నేను ఎట్లా చెప్పుకున్నానో అట్లాగే.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నౌక రేవులో కట్టేసి ఉంది. ఆదివారం మధ్యాహ్నం. డ్యూటీ ఆఫీసరును నేను. నాలుగు గంటలకు కిందినుంచి పైదాకా ప్రతి గదీ తిరిగి చూసి, అంతా సరిగా ఉందని రిజిస్టరులో సంతకం చెయ్యాలి. మేము దాన్ని రౌండ్లు అనేవాళ్ళం. ఆ రోజు రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం వస్తోంది. ఆట చివరికొచ్చింది. కుర్చీలోంచి లేవకుండా, రిజిస్టరు తెప్పించుకుని, నాలుగు గంటలు అని వేసి సంతకం చేశాను. నాలుగున్నరకు రంగు డబ్బాలు దాచే కొట్టుగదిలోంచి పొగ వచ్చింది. నూనె గుడ్డలు ఒకచోట కుప్పేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఎవరైనా ముందే తలుపు తీసి చూసి ఉంటే వాసనకే తెలిసేది. నలుగురు నావికులు ఇసుక బకెట్లతో ఆర్పేశారు. నేను వచ్చేసరికి పొగ మాత్రం మిగిలింది. నా కాళ్ళకు స్లిప్పర్లున్నాయి. చొక్కా ఇస్త్రీ నలగలేదు.

ఆ కొట్టు బాధ్యత ఒక నావికుడిది. కోస్తా మనిషి. నౌకలో తెలుగు మాట్లాడేవాళ్ళం మేమిద్దరమే. "గిట్ల, గట్ల" అని నన్ను అనుకరించి నవ్వేవాడు. ఆఫీసరునైనా ఏమీ అనలేకపోయేవాణ్ణి, ఎందుకంటే తెలుగు వినడానికి నాకు ఇంకెవరూ లేరు. పైకి నవ్వేవాణ్ణి, లోపల గుచ్చుకునేది. అతను బీడీలు తాగుతాడని అందరికీ తెలుసు. మధ్యాహ్నం కొట్టులోకి పోయి వచ్చాడని కూడా తెలుసు. విచారణ ఒక గంటలో అయిపోయింది. కెప్టెన్ ముందు రిజిస్టరు ఉంది. నాలుగింటికి అంతా బాగుంది. అంటే తర్వాత ఇతనే పోయి తాగి ఉంటాడు. అతను లేదన్నాడు. రెండుసార్లు లేదన్నాడు. ఆ గదిలో నేనూ నిలబడి ఉన్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు.

అతని చేతి మీది లంగరు గుర్తు తీసేశారు. అంటే హోదా పోయింది. సెలవు పోయింది. కొన్నాళ్ళకు వేరే నౌకకు పంపారు. పోయేరోజు నా గది గుమ్మం దగ్గరికి వచ్చి, "వెళ్ళొస్తానండి" అన్నాడు. ఆ రోజు నన్ను అనుకరించలేదు. ఎప్పుడూ కోపం తెప్పించే ఆ వెక్కిరింత ఆ రోజు వినబడితే బాగుండునని నిలబడ్డాను.

తర్వాత అతన్ని వెతికానని రాద్దామనుకున్నాను. రాస్తే చదవడానికి బాగుండేది కూడా. వెతకలేదు.

తండాకు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. సూపర్‌వైజర్, అతని భార్య ఇంటి ముందు పట్టా పరుచుకుని మిర్చి ఏరుతున్నారు. ఎర్రవి ఒకపక్క, రంగు పోయిన తాలుకాయలు ఒకపక్క. నలభై ఏళ్ళ మనిషి, బక్కపలుచగా ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"అరె, నేవీ సార్! కూసోండ్రి సార్, కూసోండ్రి."

అతని భార్య మంచం వాల్చి, చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను మంచం మీద కూర్చుని గొంతు సవరించుకున్నాను. మిర్చి ఘాటుకు మూడు తుమ్ములొచ్చాయి. కళ్ళు నీళ్ళతో నిండాయి. ఇక్కడ పశ్చాత్తాపం అని రాయవచ్చు. మిర్చి.

"తమ్మీ, జర ఇను. నీకొక మాట చెప్పనీకొచ్చిన" అన్నాను.

అంతా చెప్పాను. అలలు లేవనీ, తుఫాను లేదనీ, నౌక కదలనే లేదనీ. రౌండ్లకు పోకుండా సంతకం చేసిన సంగతి చెప్పాను. ఆ నావికుడి సంగతి చెప్పాను. కెప్టెన్ ఎవరికీ సెల్యూట్ కొట్టలేదని చెప్పాను. మా ఆవిడకు కూడా చెప్పని మాటలు ఒక తండాలో మిర్చి కుప్ప ముందర మొదటిసారి నోటినుంచి వచ్చాయి. అతను ఏరడం ఆపి విన్నాడు. ఆమె ఆపకుండా విన్నది.

"నువ్వు నా కథ నమ్మి గీ కాగితం రాసినవ్. ఆ కథే అబద్ధమాయె. నా అబద్ధానికి నీ నౌకరీ ఎందుకు పోవాలె? రేపు పోయి కాగితం వాపస్ తీసుకో. పాపమేమన్న ఉంటే నా నెత్తిన ఉండనీ."

ఆఖరి మాట నాకే నచ్చింది. క్లాసులో అయితే అక్కడ కాసేపు ఆగేవాణ్ణి.

ఆమె అతనితో వాళ్ళ భాషలో ఏదో అంది. అతను తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు.

"ఏమంటున్నది?"

"ఏం లే సార్."

"ఏం లేకేంది, నేనే చెప్త" అందామె. "ఏ కథ అని అడిగిన సారూ. ఈనెకు ఏ కథా ఎరుకలేదు."

సూపర్‌వైజర్ మెడ వెనక గోక్కున్నాడు. "ఏమనుకోకుండ్రి సార్. మీ క్లాసు నాడు రెండు లార్లొచ్చినయి. హాజరు కాగితం మీద సంతకం పెట్టి లోడు కాడికి పోయిన. మిమ్మల్ని ఫ్లెక్సీ మీద చూసుడే."

"మొత్తం లేవా?"

"శాలువా కప్పేటప్పుడొచ్చి చప్పట్లు కొట్టిన సార్."

నాకు సిగ్గు వెయ్యాల్సింది. ముందుగా నిరాశ వేసింది. ఒక మనిషి మంచితనానికి నేను కారణం కాదు. కనీసం అతని కష్టానికైనా నేను కారణం కాదు. అంత దూరం మోసుకొచ్చిన పాపాన్ని దించుదామంటే ఇంటివాళ్ళు మాది కాదంటున్నారు.

"మరి ఎందుకు చెప్పినవ్ తమ్మీ?"

అతను మళ్ళీ మిర్చి ఏరడం మొదలుపెట్టాడు.

"ఆ ముసలాయన నన్ను ఒక్కటే అడిగిండు సార్. 'రెండింటికి కుప్పల చెయ్యి వెట్టి చూసినవా కొడుకా?' అని. తిట్టలే, ఏడ్వలే. చూసిన అంటే ఆయన బీడీ ఏసినట్టు. చూడలే అంటే ఏయనట్టు. నడిమిట్ల ఏం లేకపాయె."

"నేను గూడ వాపసు తీసుకొమ్మనే అన్న సారూ" అంది ఆమె. గొంతులో కోపం దాచుకోలేదు. "రెండ్రోజులు మాట్లాడలే ఈనెతోని. గింతంత చేన్ల ఏమొస్తది, తిని ఉందుమా, పిల్లను చదివిద్దుమా? నెలకింత అని వచ్చే పని. ఎట్ల దొరుకుతది మళ్ల? నువ్వొక్కనివేనా దునియల సంతకం పెట్టింది అన్న. ఇంటడా?"

"ఇన్న గదనే."

"ఏమింటివి? ఇని ఇని మిర్చి ఏరుతున్నవ్."

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సోమవారం అతను కాగితం వెనక్కి తీసుకోలేదు. సేటు అన్న మాట ప్రకారం అతన్ని తీసేశాడు. ముసలి హమాలీ పనిలోనే ఉన్నాడు. నేను జోక్యం చేసుకుని ఇద్దరినీ నిలబెట్టానని చెప్తే బాగుండేది. సేటుకు ఫోను చేశాను, నిజమే. "మీతోని గూడ కాలేదా సార్" అన్నాడు. "కాలేదు సేటూ" అన్నాను. పత్తి ధర అడిగాను. ఆ తర్వాత నీతి క్లాసుకు రమ్మని రెండుచోట్ల నుంచి పిలిచారు. మోకాళ్ళ నొప్పులన్నాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

కానీ ఆ ఆదివారం, ఆ మంచం మీద కూర్చున్నప్పుడు ఇదంతా నాకు తెలియదు. ఆ మిర్చి ఘాటులోంచి ఏదో కొంత మర్యాదతో లేచి బయటపడాలని మాత్రం ఉంది. ఆమె టీ పెట్టడానికి లోపలికి పోయింది. నేను అతని వైపు వంగి, నాకు అచ్చంగా నిజమనిపించిన మాటే చెప్పాను. అన్నేళ్ళూ నన్ను నేను ఓదార్చుకున్న మాట అది.

"నాకప్పుడు చిన్న వయసు తమ్మీ. భయపడ్డ. కానీ ఒకటి మాత్రం ఉన్నది. ఆ నావికుడి మీద నేను ఒక్క అబద్ధం గూడ చెప్పలే. నన్నెవరు అడగలే. ఊకున్న. గంతే, ఊకున్న."

అతను చేతిలోని కాయను తాలు వైపు వేసి, తలెత్తి నన్ను చూశాడు. మొహంలో కోపం లేదు. రిజిస్టరులో తప్పు పడిన గడిని చూపిస్తున్నట్టు చెప్పాడు.

"ఊకున్నదెక్కడ సార్? నాలుగు గంటలకు అంతా మంచిగున్నదని రాసి సంతకం పెట్టిన్రు గద. ఆ సంతకం లేకుంటే ఆయన మీదికి ఎట్లొస్తది? మీరు ఊకోలే సార్. ఆయన మీద సాక్ష్యం చెప్పిన్రు."